వేట నిషేధానికి ముందు దాచిన కోనాం ముక్కలు ఎందుకు పాడయ్యాయి: విశాఖలో ఒక ఇంటి ఫ్రీజర్ కేస్ స్టడీ

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే 61 రోజులు, మరబోట్లు వేటకు వెళ్లవు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి నిషేధం. మోటారు లేని తెప్పలకు మినహాయింపు ఉన్నా, వాటి మీద వచ్చే చేప ఊరికి ఏ మూలకీ చాలదు. అందుకే విశాఖలో చేప లేనిదే ముద్ద దిగని ఇళ్లు ఏప్రిల్ మొదటి రెండు వారాల్లో ఫ్రీజర్లు నింపేసుకుంటాయి. మే నెల వచ్చేసరికి నాకు ఫోన్లు మొదలవుతాయి. చేపల ప్రాసెసింగ్ యూనిట్లలో చాలాకాలం క్వాలిటీ పని చూశాను. ఇప్పుడు ఇళ్లకూ చిన్న దుకాణాలకూ నిల్వ విషయంలో సలహాలు ఇస్తుంటాను.

ఇలాంటి కేసుల్లో మామూలుగా మొదటి అనుమానం చేప మీదకే పోతుంది. నిన్నటి చేప అంటగట్టారనో, కోసేచోట ముక్కలు మార్చేశారనో అనుకుంటారు. ఈ కేసులో ఆ అనుమానానికి తావే లేదు. ఆ ఇంటి పెద్దావిడ మరిది జాలరిపేట నుంచి ఫైబర్ బోటు మీద వేటకు వెళ్తాడు. రాత్రి వలలో పడిన ఎనిమిది కిలోల కోనాం, మిగతా జిల్లాల్లో వంజరం అనేది, తెల్లారేసరికి ఇంటికి చేరింది. అంత మంచి చేప నెల తిరక్కుండానే తినడానికి పనికిరాకుండా పోయింది. తప్పంతా ఇంటి గుమ్మం దాటాకే జరిగిందన్నమాట. ఎక్కడెక్కడ జరిగిందో విడదీసి చూపించడానికి ఇంతకంటే మంచి కేసు నాకు దొరకలేదు.

వాళ్లు చెప్పింది, నేను చూసింది

"ఏం చేప ఇచ్చాడో బాబూ మా మరిది! పులుసులో వేస్తే చితికిపోతోంది. వేపుడు చేద్దామంటే పెనం నిండా నీళ్లే. మనవడైతే వాసనొస్తోందని కంచం తోసేశాడు" అన్నారావిడ. మరిది పక్కనే ఉన్నాడు. "వదినా, బోటులోకి లాగినప్పుడు ఇంకా కొట్టుకుంటోంది ఆ చేప. నా చేతులతో నేనే తెచ్చాను కదా" అన్నాడు. ఆ మాటలో బాధ తెలుస్తూనే ఉంది.

ఫ్రీజర్‌లోంచి ఒక డబ్బా, ఒక కవరు తీయించాను. డబ్బాలో అడ్డంగా కోసిన పులుసు ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. అరచెయ్యి వెడల్పుకు పైగా ఎత్తున్న ఒకే గడ్డ. కవరులో మనవడి కోసం ముల్లు తీయించిన ఫిల్లెట్లు. ఉప్పు, పసుపు, కారం, అల్లంవెల్లుల్లి ముద్ద, నిమ్మరసం పట్టించి, కూరగాయలు తెచ్చుకున్న పల్చటి పాలిథిన్ కవరులోనే ముడివేసి పెట్టారు.

ఫిల్లెట్ మీద మసాలా అంటని చోట్ల తెల్లగా, ఎండిన సుద్దలాంటి మచ్చలు. గోరుతో గీరితే పొట్టు రాలింది. చర్మం లోపలి వైపు ఉండే ముదురు రంగు కండ గోధుమ రంగుకు తిరిగింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే నీచు వాసన కాదు, డబ్బాలో మిగిలిపోయిన పాత నూనె వాసన. డబ్బాలోని ముక్కల్లో ఆ వాసన తక్కువే. కానీ కరిగించి జల్లెడలో పెడితే కింద గిన్నెలోకి ఎర్రటి నీరు కారుతూనే ఉంది. వేలితో నొక్కితే కండ పొరలు పొరలుగా విడిపోయింది.

నీరు కారడం, ఎండు మచ్చలు, పాత నూనె వాసన: ఈ మూడూ మూడు వేర్వేరు జబ్బులు. మొదటిది నెమ్మదిగా గడ్డకట్టడం వల్ల, రెండోది తేమ పోవడం వల్ల, మూడోది కొవ్వుకు గాలి తగలడం వల్ల వస్తాయి. ఒకదానికి మందు వేస్తే ఇంకోటి తగ్గదు. మంచి వాక్యూమ్ కవరు కొన్నాక కూడా "మా ముక్కలు మెత్తబడుతున్నాయండీ" అని అడిగేవాళ్లు ఇందుకే ఉంటారు. కవరు గాలిని ఆపుతుంది కానీ గడ్డకట్టే వేగాన్ని పెంచదు.

చేప దిగినప్పటి నుంచి ఫ్రీజర్ దాకా

ఆ రోజు ఏం జరిగిందో గంట గంటకూ అడిగి రాసుకున్నాను. చేప బోటులో ఐసు లేకుండానే, తడి గోనె కింద వచ్చింది. ఇంటికి వచ్చాక కోసే మనిషి కోసం ఎదురుచూస్తూ వాకిట్లో టబ్బులో ఉంది. ఏప్రిల్ ఎండ. చేప అప్పటికి బాగా బిగుసుకుని ఉంది. కోసే అతను దాన్ని బలవంతంగా వంచి, సాగదీసి కోశాడు. తర్వాత కుళాయి నీళ్లలో ఉప్పు వేసి రుద్ది, నిమ్మరసం పిండి, నాలుగైదు నీళ్లు మార్చి కడిగారు. మధ్యాహ్నం వంట అయ్యాక తీరిగ్గా మసాలా పట్టించి ఫ్రీజర్‌లో పెట్టేశారు.

ఇందులో దేన్నీ నిర్లక్ష్యం అనలేం. మన ఇళ్లలో చేప శుభ్రం చేసే తీరే ఇది. ఐసు లేకపోవడం ఒక్కటీ పక్కనపెడితే, అదే రోజు వండుకునేందుకు ఈ పద్ధతిలో ఏ లోపమూ లేదు. నిల్వ చేయడానికి మాత్రం ఇందులో దాదాపు ప్రతి అడుగూ అడ్డం తిరుగుతుంది.

మొదట ఐసు సంగతి. కోనాం, సూర, కానాగంత ఒకే కుటుంబం చేపలు. వీటి కండలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. చేప వేడిలో ఉంటే బ్యాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. అది ఎక్కువైన చేప తింటే కాసేపట్లోనే ముఖం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. ఒకసారి తయారైన హిస్టమిన్ వండినా పోదు, గడ్డకట్టించినా పోదు. వాసన చూసి కనిపెట్టడానికీ లేదు. ఈ ఇంట్లో ఎవరికీ అలా కాలేదు, అదృష్టం. అయినా నేను వాళ్లకు అన్నిటికంటే గట్టిగా చెప్పింది ఈ మాటే: రుచి పోతే ఒక పూట కూర పోతుంది, ఇక్కడ తప్పు జరిగితే ఆసుపత్రికి పరుగెత్తాలి. బోటులోనే ఐసు పెట్టాలి. మన వేడికి కిలో చేపకు కిలో ఐసు లెక్క. గడ్డలుగా కాదు, చితక్కొట్టి, చేప కింద కొంత, పైన కొంత, పొట్ట తీసేస్తే ఆ పొట్టలో కొంత.

తర్వాత బిగుసు. చచ్చిన కొన్ని గంటలకు చేప బిగుసుకుంటుంది, తర్వాత మెల్లగా సడలుతుంది. బిగుసుకున్నప్పుడు వంచితే లోపల కండ పొరల మధ్య అతుకులు తెగిపోతాయి. పైకి ముక్క బాగానే కనిపిస్తుంది, పులుసులో పడ్డాక విడిపోతుంది. చేప మరీ తాజాది కావడమే ఇక్కడ ఇబ్బంది తెచ్చిపెట్టింది. పొట్ట, మొప్పలు తీసేసి, వెన్నుముల్లు వెంబడి ఉండే నల్లటి రక్తపు గీత గీకేసి, బిగుసు సడలేదాకా ఐసులో ఉంచి అప్పుడు కోయాలి. ఐసులో ఉన్నంతసేపూ తొందరపడాల్సిన పని లేదు.

ఇక ఉప్పు. చేపలోని కొవ్వు గాలితో కలిసి చెడిపోవడాన్ని ఉప్పు వేగిరం చేస్తుంది. ఫ్రీజర్ చల్లదనంలోనూ ఆ పని ఆగదు. పైగా కండలోని నీటిని బయటికి లాగుతుంది. నిమ్మరసం పైపొరను ముందే ఉడికినట్టు తెల్లబరుస్తుంది. మసాలా పట్టించి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే ఆఫీసు నుంచి వచ్చి వేయించుకోవడం తేలిక, ఆ సౌకర్యం నేను కాదనను. అలాంటివి వారం రోజుల్లో తినేయండి. రెండు నెలలు దాచాల్సిన ముక్కకు మాత్రం ఉప్పు తగలకూడదు. మసాలా కరిగించాక పట్టించుకోవాలి.

ఫ్రీజర్ లోపల

వాళ్లది డబుల్ డోర్ ఫ్రిజ్. ఫ్రీజర్ భాగం అరవై లీటర్ల లోపే ఉంటుంది. "త్రీ స్టార్ ఫ్రిజ్ బాబూ, మంచిదే" అన్నారావిడ. తలుపు మీద అంటించిన ఆ స్టార్లు కరెంటు ఎంత ఆదా అవుతుందో చెప్పేవి. ఫ్రీజర్ ఎంత చల్లబడుతుందో చెప్పే గుర్తు వేరే ఉంటుంది, ఫ్రీజర్ తలుపు మీదో మాన్యువల్‌లోనో. అందులో ఒక నక్షత్రం అంటే మైనస్ 6 డిగ్రీలు, రెండు అంటే మైనస్ 12, మూడు అంటే మైనస్ 18. నాలుగు నక్షత్రాలుంటే మైనస్ 18తో పాటు పచ్చి సరుకును గడ్డకట్టించే శక్తి కూడా ఉన్నట్టు. చాలామంది ఈ రెండింటినీ కలిపేసుకుంటారు. చేప కొనేముందు ఈ గుర్తు ఒకసారి వెతుక్కోండి.

ఖాళీగా ఉన్నప్పుడు వాళ్ల ఫ్రీజర్ మైనస్ 17 దగ్గర ఆడింది. మంచి అంకె. కానీ ఆ ఏప్రిల్ రోజున అందులో ఐదు కిలోలకు పైగా, వాకిట్లో ఎండకు వేడెక్కిన ముక్కలు ఒకేసారి పెట్టారు. అరవై లీటర్ల ఫ్రీజర్ ఒక రోజులో సరిగ్గా గడ్డకట్టించగలిగేది రెండు కిలోలు, మహా అయితే రెండున్నర. అంతకు మించి పెడితే కొత్త ముక్కలు గడ్డకట్టకపోగా, పాత సరుకు కూడా మెత్తబడుతుంది.

ఇంకో విషయం డబ్బా ఎక్కడ పెట్టారో చూపించమన్నాక తెలిసింది. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో చల్లగాలి వెనక గోడలోని కంతల నుంచి ఫ్యాన్ ద్వారా వస్తుంది. సరిగ్గా ఆ కంతలకు ఆనించి డబ్బా పెట్టారు. చల్లగాలి డబ్బా వెనకవైపు తగిలి ఆగిపోయింది. ఆ వైపున్న ముక్కలు గట్టిగా, తలుపు వైపున్నవి మెత్తగా ఉండటానికి కారణం అదే. దీనికి తోడు ఫ్రిజ్ పక్కనే గ్యాస్ పొయ్యి, వెనక గోడకూ ఫ్రిజ్‌కూ మధ్య చెయ్యి కూడా పట్టని సందు. వేడి బయటికి పోయే దారే లేదు.

నెమ్మదిగా గడ్డకడితే ఏమవుతుందో ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. చేపలో నాలుగింట మూడు వంతులకు పైగా నీరే. అందులో ఉప్పులూ మాంసకృత్తులూ కలిసి ఉంటాయి కాబట్టి సున్నా దగ్గర గడ్డకట్టదు. మైనస్ 1 దాటాక మొదలై, మైనస్ 5 దగ్గరికి వచ్చేసరికి చాలా భాగం మంచు అయిపోతుంది. ఈ నాలుగు డిగ్రీలే అసలు పరీక్ష. ముక్క దీన్ని త్వరగా దాటితే లెక్కలేనన్ని చిన్న మంచు పలుకులు ఏర్పడతాయి. గంటల తరబడి అక్కడే నిలిచిపోతే పలుకులు కొన్నే ఏర్పడి, కణాల మధ్య పెద్దవవుతాయి, కణాల్లోంచి నీటిని లాక్కుంటాయి. లోపల మిగిలిన చిక్కటి ఉప్పు ద్రవంలో మాంసకృత్తులు దెబ్బతిని, కరిగించినప్పుడు ఆ నీటిని మళ్లీ పట్టుకోలేవు. గిన్నెలోకి కారిన ఎర్ర నీరు అదే. చేప రుచీ కొంత దాంతోనే పోతుంది.

ఎగుమతి యూనిట్లలో రొయ్యల బ్లాకుల్ని మైనస్ 40 దాకా పోయే లోహపు పలకల మధ్య నొక్కిపెట్టి గంటన్నర, రెండు గంటల్లో గడ్డకట్టిస్తారు. ఇంటి ఫ్రీజర్‌కు ఆ బలం లేదు. కానీ ముక్క మందం మన చేతిలో ఉంది, లోపలికి వెళ్లేముందు దాని వేడి మన చేతిలో ఉంది, ఒక్కోసారి ఎంత పెట్టాలో మన చేతిలో ఉంది. ఈ కేసులో మేం చేసిన మార్పులన్నీ ఈ మూడింటి చుట్టూనే తిరిగాయి.

రెండోసారి

జూన్ మధ్యలో నిషేధం ఎత్తేశాక, మరిది ఇంకో కోనాం తెచ్చాడు. ఈసారి బోటులోకి ఐసు పెట్టె ఎక్కింది. ఒకే చేప ముక్కలతో పాత పద్ధతినీ కొత్త పద్ధతినీ పక్కపక్కన చేసి చూద్దామన్నాను. అలా చేస్తే చేప మంచిదా కాదా అనే గొడవే ఉండదు. పెద్దావిడకు అంత మంచి ముక్కల్ని తెలిసి తెలిసి డబ్బాలో కుక్కడం ఇష్టం లేదు. చివరికి కొంత భాగానికి ఒప్పుకున్నారు.

పొట్ట ముక్కలూ తలా ఆ పూటకే పులుసుకు ఇచ్చేశాం. పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువ, ఫ్రీజర్‌లో ముందుగా వాసన పట్టేది అదే. మిగిలిన దానిలో ఫిల్లెట్లకు చర్మం ఉంచేశాం, ఒక వైపైనా గాలి తగలకుండా అది కాపాడుతుంది. చర్మం కిందున్న ముదురు కండను మనవడి ముక్కల వరకు కత్తితో పల్చగా తీసేశాం. కడగడం చేప మొత్తంగా ఉన్నప్పుడే అయిపోయింది. కోశాక ఐసు నీళ్లలో ఒక్కసారి ముంచి తీసి, శుభ్రమైన గుడ్డతో తడి అద్దేశాం. కుళాయి కింద నానబెట్టిన ముక్క నీరు తాగుతుంది, ఆ నీరే తర్వాత పెద్ద మంచు పలుకులవుతుంది.

ప్యాకింగ్‌కు వాక్యూమ్ మెషిన్ లేదు. అవసరమూ పడలేదు. మందపాటి జిప్ కవర్లు తీసుకుని, ఒక్కోదాంట్లో ఒక పూటకు సరిపడా ముక్కలు ఒకే వరసలో పరిచాం. మందం రెండు సెంటీమీటర్లు దాటనివ్వలేదు. జిప్ ఒక మూల కొంచెం తెరిచి ఉంచి, కవరును బకెట్ నీళ్లలోకి మెల్లగా దించితే నీటి ఒత్తిడికి గాలంతా పైకి తన్నుకుని ఆ మూల నుంచి పోతుంది. నీళ్లు జిప్ దాకా రాగానే మూసేయాలి. ప్లాస్టిక్ ముక్కకు చర్మంలా అంటుకుంటుంది. పెద్దావిడ రెండో కవరు నుంచే నా కంటే బాగా చేశారు.

తర్వాతి పని నాకు చాలా ఇష్టమైనది. కుల్ఫీ బండి వాళ్లు కుండలో ఐసుకు రాళ్ల ఉప్పు కలుపుతారు కదా, అదే సూత్రం. చితక్కొట్టిన ఐసు మూడు పాళ్లకు ఒక పాలు ఉప్పు, కాసిని నీళ్లు కలిపితే ఆ ద్రవం మైనస్ 10 కంటే కిందికి దిగుతుంది. చుట్టూ ద్రవం అంటుకుని ఉంటుంది కాబట్టి, ఫ్రీజర్‌లోని గాలి కంటే ఎన్నో రెట్లు త్వరగా వేడిని లాగుతుంది. గాలి తీసిన కవర్లను అందులో ముంచి, పైన బరువు పెట్టి, మధ్యమధ్య కదిపాం. ఒక కవరులోని ముక్క మధ్యలో ప్రోబ్ థర్మామీటర్ గుచ్చి, నోరు గట్టిగా బిగించి పెట్టాను. గంట, గంటన్నర లోపే అది మైనస్ 5 దాటేసింది. పాత పద్ధతిలో డబ్బా నింపి ఫ్రీజర్‌లో పెట్టిన ముక్కల మధ్యలోని ప్రోబ్ మర్నాడు సాయంత్రానికి కూడా మైనస్ 3 దగ్గరే నిలిచి ఉంది.

ఉప్పు ఐసుతో జాగ్రత్తలున్నాయి. కవరుకు చిల్లు ఉంటే ఉప్పు నీరు లోపలికి పోతుంది. ఒట్టి చేతులు పెట్టకూడదు, చర్మం కమిలిపోతుంది. ఇదంతా చేసే ఓపిక లేనివాళ్లు కవర్లను స్టీలు లేదా అల్యూమినియం పళ్లెం మీద ఒక్క వరసగా పరిచి, గాలి కంతలకు దగ్గరగా, కానీ వాటిని మూయకుండా పెట్టి, గట్టిపడేదాకా ఒకదాని మీద ఒకటి పేర్చకుండా ఉంటే చాలు. నాలుగైదు గంటలు పడుతుంది. పెద్ద డబ్బా గడ్డ కంటే వెయ్యి రెట్లు నయం.

ముందు ఐసులో ఉంచడం తాజాదనం కోసమేనని అనుకుంటారు. ఫ్రీజర్‌కు కూడా అది పెద్ద సాయం. ముప్పై డిగ్రీల చేపను మైనస్ 18కి తీసుకెళ్లడానికి లాగాల్సిన మొత్తం వేడిలో దాదాపు పావు వంతు, ముప్పై నుంచి సున్నా దాకా వచ్చేసరికే పోతుంది. ఆ పని ఐసు చేసిపెడితే కంప్రెసర్‌కు అంత భారం తగ్గినట్టే. మేం ముందు రోజు రాత్రే ఫ్రీజర్ నాబ్‌ను పూర్తిగా చలి వైపు తిప్పాం, ఫ్రిజ్‌ను పొయ్యి దగ్గర నుంచి జరిపి గోడకు దూరం పెట్టాం. రోజుకు రెండు కిలోలకు మించి లోపలికి పంపలేదు. మిగిలింది ఐసు పెట్టెలో వంతు కోసం ఎదురుచూసింది.

ఫలితం

కొన్ని వారాలకు ఒకసారి, మూడు నెలలు దగ్గరపడ్డాక ఇంకోసారి రెండు రకాల ముక్కలూ తీసి చూశాం. పాత పద్ధతి ముక్కల నుంచి కిలోకు వంద గ్రాములకు పైగా నీరు కారింది. కొత్తవాటి నుంచి నలభై దాటలేదు. అంకెల కంటే పెనం బాగా చెప్పింది. కొత్త ముక్క వేయగానే చిటపటలాడి అంచులు ఎర్రగా పట్టుకున్నాయి. పాతది ముందు ఉడికి, నీరు ఇగిరాక కానీ వేగలేదు. పులుసులో కొత్త ముక్క గరిటె తగిలినా విరగలేదు. మనవడు తిన్నాడు. మూడు నెలల దగ్గర కొత్త ముక్కల్లో కూడా ముదురు కండ ఉంచేసిన వాటిలో కొంచెం పాత వాసన మొదలైంది. కోనాంకు ఇంటి ఫ్రీజర్‌లో నేను రెండు నుంచి మూడు నెలలే గడువు చెప్పడానికి కారణం అది. 61 రోజుల నిషేధానికి అది సరిపోతుంది, అంతకు మించి సాగదీయొద్దు.

అన్ని చేపలకూ ఇదే లెక్క కాదు. కొవ్వు తక్కువ చేపలు, పండుగప్ప, కొరమేను లాంటివి, మైనస్ 18 నిలకడగా ఉంటే ఆరు నెలలు కూడా బాగుంటాయి. కవళ్లు, కానాగంతలు, పులస లాంటి నూనె చేపలకు రెండు నెలలే ఎక్కువ. ఈ ఇంట్లో కవళ్లను డబ్బాలో నీళ్లు పోసి గడ్డకట్టించే అలవాటు ఉంది. గాలి తగలదు కాబట్టి వాసన విషయంలో అది మంచి పద్ధతే. కానీ నీటి గడ్డ కట్టడానికి చాలాసేపు పడుతుంది, కరిగేటప్పుడు రుచి నీళ్లలోకి పోతుంది. దానికి బదులు చేపల్ని విడివిడిగా గట్టిపరిచి, ఐసు నీళ్లలో రెండు మూడు సెకన్లు ముంచి తీసి మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టమన్నాను. చేప చుట్టూ అద్దంలాంటి పల్చటి మంచు పొర పడుతుంది. రెండు మూడుసార్లు ముంచి, అప్పుడు కవరులో వేస్తే, చేప బదులు ఆ పొర ఎండుతుంది. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లు రోజూ కాసేపు హీటరు వేసుకుని మంచు కరిగించుకుంటాయి, ఫ్యాన్ గాలి తేమను లాగేస్తూ ఉంటుంది. అందుకే వాటిలో ఎండు మచ్చలు ఎక్కువ. ఈ మంచు పొర అక్కడ బాగా పనికొస్తుంది.

కరిగించడం గురించి ఆవిడ అడిగింది ఒకటే ప్రశ్న: "పొద్దున్నే తీసి సింకులో పెట్టేస్తాను, తప్పా?" తప్పే. ముక్క లోపల గడ్డగా ఉండగానే పైభాగం గది వేడికి వచ్చేస్తుంది, బ్యాక్టీరియాకు అదే కావాలి. ముందు రోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి మార్చాలి. మరిచిపోతే కవరుతోనే చల్లటి నీళ్లలో ముంచి, నీళ్లు మారుస్తూ ఉంటే పల్చటి ప్యాకెట్లు అరగంటలో వదులవుతాయి. కరిగాక వెంటనే వండేయాలి. వాక్యూమ్ మెషిన్ వాడేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఫ్రిజ్‌లో కరిగించేముందు ఆ కవరుకు కోత పెట్టాలి. గాలి లేని చోట, 3 డిగ్రీల చలిలో కూడా పెరిగి విషం తయారుచేసే బొటులినమ్ బ్యాక్టీరియా రకం ఒకటి సముద్రపు చేపల్లో ఉండొచ్చు. గాలి తగిలితే అది పెరగదు. మేం గాలి తీసిన జిప్ కవర్లకూ ఇదే నియమం పెట్టుకున్నాం.

చివరగా కరెంటు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటాక విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు. ఈ ఇంట్లో కూడా అప్పుడు ఫ్రీజర్‌లో ఉన్నదంతా పారేశారట. మామూలు కోతలకు అంత భయం అక్కర్లేదు. తలుపు తియ్యకుండా ఉంటే నిండుగా ఉన్న ఫ్రీజర్ చాలా గంటలు చలి నిలుపుకుంటుంది, సగం ఖాళీగా ఉన్నది త్వరగా వేడెక్కుతుంది. ఖాళీ చోట్లలో నీళ్ల సీసాలు ముప్పావు వంతు నింపి గడ్డకట్టించి పెట్టుకోమన్నాను, అవి ముక్కలతో పాటు కాకుండా వేరే రోజున పెట్టాలి. ఊళ్లో లేనప్పుడు కరెంటు పోయి వచ్చిందేమో తెలియడానికి, ఒక గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి దాని మీద రూపాయి బిళ్ల పెట్టి ఉంచాలి. తిరిగొచ్చేసరికి బిళ్ల పైనే ఉంటే ఫర్వాలేదు. అడుగుకు దిగిపోయి దాని మీద మంచు ఉంటే, మధ్యలో అంతా కరిగి మళ్లీ గట్టిపడినట్టే. అలాంటి ముక్కలు చూడ్డానికి ఎంత బాగున్నా వండొద్దు.

ఇప్పుడు ఆ ఇంట్లో ప్రతి కవరు మీదా చేప పేరు, పెట్టిన తేదీ మార్కర్‌తో రాసి ఉంటాయి. ముందు పెట్టినవి తలుపు వైపు, కొత్తవి వెనక, కంతలకు జానెడు దూరంలో. ఏప్రిల్ సరుకును రోజుకు రెండు కిలోల చొప్పున తెమ్మని మరిదికి ముందే చెప్పేస్తున్నారు. ఒక్క విషయం మాత్రం ఇంకా కుదరలేదు. బోటులో ఐసు పెట్టెకు చోటు చాలడం లేదని, వల ఎక్కువున్న రోజుల్లో అతను దాన్ని ఒడ్డునే వదిలేస్తున్నాడు. అలా వచ్చిన చేపను ఫ్రీజర్‌లో పెట్టొద్దని, ఆలస్యమైందనిపిస్తే వండొద్దని కూడా చెప్పాను. పెట్టె బదులు బోటు అడుగున పరిచే ఐసు సంచి ఏదైనా కుట్టించగలమా అని ప్రస్తుతం ఇద్దరం చూస్తున్నాం.